నాలుగో సంచి

మూడోసారి కూడా గ్రాబు నోరు మూసుకోలేదు.

దయారత్నం తాడు లాగి ఆ ఇనప డబ్బాను పడవ అంచు మీదికి ఎత్తాడు. రెండు దవడలుండే డబ్బా అది. నోరు తెరుచుకుని నది అడుక్కి వెళ్ళి, తాడు కుదిపితే నోరు మూసుకుని, నిండా మట్టితో పైకి రావాలి. ఇప్పుడు ఆ దవడల మధ్య ఒక తుప్పు బోల్టు, గుప్పెడు నల్ల ఇసుక ఇరుక్కుని ఉన్నాయి. మట్టంతా దారిలోనే కారిపోయింది. తాడు రాసుకుని కుడి అరచెయ్యి చీరుకుపోయింది. పొద్దున ఆరింటికి ఒక టీ, రెండు బిస్కట్లు పడ్డ కడుపు పదకొండున్నరకి గోల పెడుతోంది. అవతల నీళ్ళు ఆటు మీద ఉన్నాయి. ఇంకో అరగంట ఆలస్యమైతే పడవ బురదలో కూర్చుంటుంది.

"ఛేడే దావ్, దాదా," అన్నాడు ఇంజను దగ్గర బీడీ కాలుస్తున్న నిమాయ్. వదిలెయ్ అని.

వదిలెయ్యడం దయారత్నానికి కొత్తేమీ కాదు. రెండేళ్ళుగా వదిలేస్తూనే ఉన్నాడు. ఈ రోజే కుదరడం లేదు. ఒడ్డున మోకాలి లోతు బురదలో నిలబడి రోజారాణి చూస్తోంది మరి.

ఆ అమ్మాయిది వరంగల్. సాల్ట్ లేక్‌లో మట్టి పరీక్ష చేసే వీళ్ళ లేబరేటరీలో చేరి మూడు నెలలైంది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఈసారి మట్టితో పాటు మట్టి మీది నాచును కూడా పరీక్ష చెయ్యాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. నాచు తియ్యడం దయారత్నానికి చేతకాదు కాబట్టి తనే వచ్చింది. ఎండ తగిలిన బురద మీద తేనెరంగు పొర ఒకటి తేలుతుంది. దాన్ని చెంచాతో మెల్లగా గీకి చిన్న సీసాల్లోకి ఎత్తుకుంటోంది.

"అంకుల్, ఇది నాలుగో పాయింటే కదా?" అని కేకేసింది.

"అవును మేడమ్."

"గ్రాబ్ పడ్తనే లేదు. మరి ఇంతకుముందు ఎట్ల తీసిన్రు? పాత సంచులన్నీ చూసిన నేను. అన్నిట్ల మెత్తటి మట్టే ఉంది."

దయారత్నం గ్రాబు దవడల్లోంచి బోల్టు పెకలించే పనిలో తల వంచుకున్నాడు.

"అప్పుడు మెత్తగానే ఉండీది మేడమ్," అన్నాడు. "ఈ మధ్యనే ఇలగయింది."

ఆమె తలూపింది. యాభై మూడేళ్ళ మనిషి, ముప్పై ఏళ్ళుగా ఈ నదిలో చెయ్యి పెట్టిన మనిషి చెబుతుంటే నమ్మక ఏం చేస్తుంది? అలా నమ్మడమే అతనికి గుచ్చుకుంది.

ఇంతలో అవతలి నుంచి "దయా!" అని పిలుపు. ఓడలు బాగుచేసే యార్డు కాలవ వచ్చి నదిలో పడే చోట, నల్లటి బురదలో నలుగురైదుగురు ఆడవాళ్ళు నడుము వంచి నత్తగుల్లలు ఏరుతున్నారు. పిలిచింది అతని వదిన గ్రేసమ్మ. ఒక చేతిలో గుల్లల బకెట్టు, ఇంకో చేతిలో చీరకుచ్చెళ్ళు.

"ఆదివారం కోత పండక్కని పెద్దయి ఏరి దాస్తన్నాన్రా! ఈ ఏడు వేలంలో నా బుట్టకి నువ్వు గట్టిగా పాట పాడించాల!"

దయారత్నం చెయ్యి ఊపాడు.

నాలుగోసారి గ్రాబు ఎలాగో పిడికెడు మట్టి తెచ్చింది. నల్లగా, ఎర్రటి రంగు పెచ్చులతో, కిరసనాయిలు వాసనతో ఉంది. సంచి అడుగు కూడా నిండలేదు. "పరీక్షకి ఇది చాలదు. సార్ ఏమంటడో," అంటూ రోజారాణి దాని మీద నాలుగు అని రాసింది.

*

పాపం ఏ రోజు మొదలైందో దయారత్నానికి బాగా గుర్తుంది. అప్పట్లో అది పాపమని అతనికి తెలియదు. ఒళ్ళు బద్ధకం అనుకున్నాడు.

గార్డెన్ రీచ్ ఒడ్డున ఓడలు బాగుచేసే ఒక ప్రైవేటు యార్డు ఉంది. పాత ఓడల రంగు ఊడగొట్టడానికి గాలి గొట్టాలతో నల్ల ఇసుక కొడతారు. ఆ ఇసుక, దానితో ఊడిన సీసపు రంగు పెచ్చులు వాన పడినప్పుడల్లా కాలవలోంచి నదిలోకి పోతాయి. మూడు నెలలకోసారి నది అడుగు మట్టిని పరీక్ష చేయించి ప్రభుత్వానికి కాగితం పంపాలన్నది నిబంధన. పరీక్ష చేసేది లేబరేటరీ. లేబరేటరీకి డబ్బిచ్చేది యార్డు. మట్టి తెచ్చేది దయారత్నం, పడవ ఎక్కిన రోజుకి ఆరువందలు.

నాలుగు చోట్ల తియ్యాలి. మొదటిది రేవు దగ్గర, రెండోది పాత జెట్టీ కింద, మూడోది వంపులో రెల్లు పొదల పక్కన, నాలుగోది యార్డు కాలవ నోట్లో. మూడో చోట మట్టి వెన్నలా ఉంటుంది, గ్రాబు ఒక్కసారి వేస్తే చాలు. నాలుగో చోట నల్ల ఇసుక దవడలకి అడ్డం పడుతుంది. రెండేళ్ళ కిందట ఒక జూన్ నెలలో, ఎండ నెత్తిన మండుతుంటే, ఆటు అయిపోతుంటే, ఏడుసార్లు వేసినా మట్టి రాలేదు. వచ్చేదారిలో మూడో చోట ఆగి, ఇంకో సంచి కూడా అక్కడే నింపి, దాని మీద నాలుగు అని రాసుకున్నాడు. అర కిలోమీటరు దూరం. నదంతా ఒకటే కదా అనుకున్నాడు. ఎవరూ అడగలేదు. తర్వాతి సారి నాలుగో చోటికి పోనేలేదు. ఆ తర్వాత అదే పద్ధతి అయిపోయింది.

అక్కడితో ఆగినా బాగుండేది.

ఆ ఏడే వానాకాలంలో ఎవరో కాలేజీ పిల్లలు వచ్చి కరపత్రాలు పంచారు. ఈ బురదలో సీసం ఉంది, ఇక్కడి గుల్లలు తినకండి అని. ఆడవాళ్ళు హడలిపోయారు. గుల్లలు వాళ్ళకి కూరా, బజార్లో గిన్నె నలభై రూపాయల చొప్పున చేతి ఖర్చు కూడా. గ్రేసమ్మ తిన్నగా మరిది దగ్గరికి వచ్చింది. "మట్టి తీసీది నువ్వే కదా. నువ్వు సెప్పు. నువ్వు బాగుందంటే బాగుంది, నేదంటే నేదు."

ఇంత నమ్మకం తన మీద ఎవరికైనా ఉందని దయారత్నం అంతకుముందు ఎరగడు. రేవులో అన్న, గ్రేసమ్మ భర్త ఫెలిక్స్ ముందు చిన్నవాడు, ఆఫీసులో బాబుల ముందు చిన్నవాడు. లేబరేటరీ మేనేజరు సన్యాల్ బాబుని బతిమాలి పరీక్ష కాగితం నకలు తెచ్చుకున్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక చాపెల్లో బల్ల ముందు నిలబడి, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క వరసా చదివి తెలుగులో చెప్పాడు. సీసం, హద్దులోపలే. కాడ్మియం, హద్దులోపలే. నాలుగో పాయింటు, అంతా హద్దులోపలే. పాస్టరు గారు దేవుడికి కృతజ్ఞతా ప్రార్థన చేశారు. ఆ రోజు భోజనాల దగ్గర అతన్ని ముందు వరసలో కూచోబెట్టారు.

చదువుతున్నప్పుడు అబద్ధం ఆడుతున్నానని అతనికి నిజంగానే అనిపించలేదు. అచ్చులో ఉన్నదే చదివాడు. నాలుగో సంచిలోది ఏ మట్టో ఆ గదిలో తెలిసినవాడు తనొక్కడే అన్న సంగతి మాత్రం, పులుసులో ముల్లులా, ముద్ద మింగుతున్నప్పుడు ఒకసారి తగిలింది. మంచినీళ్ళు తాగి మింగేశాడు.

*

గురువారం లేబరేటరీ ఉన్న సెక్టర్ ఫైవ్‌కి సంచులు దింపడానికి వెళ్తే, రోజారాణి అతన్ని లోపలికి పిలిచింది. అద్దాల గది, చలికి వణికించే ఏసీ. చెప్పులు బయట విప్పి వెళ్ళాడు.

"ఒక్క కన్ను మూసి ఇందుల చూడుండ్రి, అంకుల్."

మైక్రోస్కోపులో మొదట అతనికి తన కనురెప్ప వెంట్రుకలే కనిపించాయి. తర్వాత వెలుగు కుదుటపడింది. సన్నటి బియ్యపు గింజల్లాంటివి, గాజులా మెరుస్తూ, తిన్నగా, ఒక్కొక్కదాని మీదా దువ్వెన పళ్ళంత సమంగా గీతలు. ఒకటి మెల్లగా కదిలింది కూడా. దయారత్నం ఉలిక్కిపడి తల ఎత్తాడు.

"బతికున్నాయా ఇయి?"

"బతికే ఉన్నయి. బురద మీద తేనెరంగు పొర చూసిన్రు కదా, అది ఇదే. ఒంటి చుట్టూ గాజు పెంకు కట్టుకునే నాచు. ఇది మూడో పాయింట్‌ది. ఇప్పుడు నాలుగోది చూడుండ్రి."

అవీ అవే గింజలు. కానీ నడుం దగ్గర వంగిపోయాయి. కొన్నిటికి పక్కన నొక్కు పడింది. గీతలు ఒకచోట ఒత్తుగా, ఒకచోట అసలు లేకుండా. సగానికి సగం అలాగే ఉన్నాయి. పుట్టుకతోనే కాలు వంకర వచ్చిన పిల్లల్ని చూసినట్టు అనిపించి దయారత్నం కన్ను తీసేశాడు.

"సీసం, రాగి ఎక్కువైతే పెంకు సక్కగ కట్టుకోలేవు. ఈ నాచుల సీసం మూడో పాయింట్ కంటె పద్దెనిమిది రెట్లు వచ్చింది," అంది రోజారాణి. "నాచును నత్త తింటది. నత్తను మనం తింటం. ఒక్కో మెట్టుకు పెరుగుకుంట పోతది." అంటూ రెండేళ్ళ పాత కాగితాలు అతని ముందు పరిచింది. "కానీ మట్టి చూడుండ్రి. రెండేళ్ళ సంది మూడూ నాలుగూ ఒక్క తీరుగనే ఉన్నయి. కవల పిల్లల లెక్క. మట్టి మంచిగుంటే దాని మీది నాచు ఎందుకు గిట్లయితది? నాకైతే సమజ్ కాలే."

దయారత్నానికి సమజ్ అయింది.

"సన్యాల్ సార్‌కు చూపించిన. నీ సీసాలు మురికివి, నీకు పని రాదు అన్నడు. మొన్నటి మట్టి చారెడే ఉంది, అది లెక్కకు రాదన్నడు. ఇదంతా పారబోసి మళ్ళ చెయ్యమన్నడు. ఈ నెలాఖరుకు నా ఉద్యోగం సంగతి తేలుస్తడట." ఆమె గొంతు తగ్గించింది. "అంకుల్, నేను మీ ఒక్కరినే అడుగుతున్న. ఆ పాత సంచుల మట్టి నాలుగో పాయింట్‌దేనా? మీరు అవునంటే తప్పు నాదే అనుకుంట. పారబోస్త."

ఒక్క మాట చాలు. కాదమ్మా అంటే చాలు. దయారత్నం ఆమె చేతుల వైపు చూశాడు. బురదలో గీకిన గోళ్ళ సందుల్లో నలుపు ఇంకా పోలేదు. ఈ పని పోతే తనకింకెక్కడ పని దొరుకుతుంది? మోసం కేసు పెడితే? చాపెల్లో ముఖం ఎలా ఎత్తుకోవాలి? ఇవన్నీ ఒక్క గుటక వేసేంతలో వరసగా వచ్చి నిలబడ్డాయి.

"అవును మేడమ్," అన్నాడు. "నాలుగోదే."

 రోజారాణి సీసాలు ఒక్కొక్కటే తీసి, మూతలు విప్పి, సింకులో పారబోసి, కుళాయి తిప్పింది. తేనెరంగు నీళ్ళు గిర్రున తిరిగి కన్నంలోకి పోయాయి. ఆమె ఏడవలేదు. ఏడ్చినా ఇంత బాధ ఉండేది కాదు అతనికి.

బయటికి వస్తుంటే సన్యాల్ బాబు తన గదిలోకి పిలిచాడు. ఎప్పుడూ లేనిది కుర్చీ చూపించాడు. బెంగాలీలో చాలా మెత్తగా మాట్లాడాడు. "ఆ పిల్ల నిన్ను కూడా విసిగించిందా, దయా? కొత్తవాళ్ళు అంతే. నువ్వు తెలివైనవాడివి. ఎప్పుడూ మెత్తటి మట్టే తెస్తావు. నేను ఎప్పుడైనా అడిగానా? వచ్చే నెల నుంచి నిన్ను పర్మనెంటు చేస్తున్నాం, నెలకి పధ్నాలుగు వేలు. ఈ మంగళవారం నువ్వొక్కడివే వెళ్ళి నాలుగో సంచి మళ్ళీ తీసుకురా. ఎప్పుడూ తెచ్చినట్టే."

అంటే ఈయనకి తెలుసు. మొదటినుంచీ తెలుసు. తన బద్ధకాన్ని ఈయన రెండేళ్ళుగా యార్డుకి అమ్ముకున్నాడు. దయారత్నం దండం పెట్టి లేచాడు. మరో రోజైతే ఆ పధ్నాలుగు వేలకి కాళ్ళు నేల మీద ఆనేవి కావు. ఈ రోజు బస్సులో సీటు దొరికినా కూచోలేదు. కూచునే అర్హత కూడా లేదనిపించింది.

*

భార్య పోయిన ఆరేళ్ళ నుంచి దయారత్నం వాట్‌గంజ్‌లో వదినగారి పక్క గదిలోనే ఉంటున్నాడు, తిండి కూడా అక్కడే. శనివారం మధ్యాహ్నం వెళ్ళేసరికి గ్రేసమ్మ గుల్లలు ఉడకబెట్టి, పిన్నీసుతో మాంసం తీస్తోంది. పక్కన మనవరాలు రేబెకా పీట మీద కూచుని, తీసిన మాంసం గిన్నెలో వేస్తోంది. ఐదేళ్ళ పిల్ల. తల్లి నర్సింగ్ హోంలో ఆయా, వారానికి నాలుగు రోజులు అక్కడే. పిల్ల సన్నగా, పాలిపోయి ఉంటుంది. తరచు కడుపునొప్పి అంటుంది. ఒంట్లో రక్తం లేదని డిస్పెన్సరీ వాళ్ళు ఎర్ర మందు ఇచ్చారు. బళ్ళో నిన్న చెప్పింది ఇవాళ గుర్తుండదని టీచరమ్మ రెండుసార్లు కబురు పెట్టింది. ఇదంతా గుల్లల వల్లేనని ఏ డాక్టరూ చెప్పలేదు. కాదని కూడా ఎవరూ చెప్పలేదు. అసలు ఎవరూ అడగలేదు.

"రా, కూకో. నీకిష్టమని వంకాయేసి వండేను," అంది గ్రేసమ్మ. "గుంటకి కూడా ఇదే బలం. కోడిమాంసం కొనగలమేటి?"

కంచంలో అన్నం మీద కూర పడింది. ఆవాలు నూరి పెట్టిన ఘాటు వాసన. దయారత్నం ముద్ద కలిపాడు. కలుపుతూనే ఉన్నాడు.

"ఏటలగ పిసుకుతన్నావు? ఒంట్లో బాగోనేదేటి?"

"నేదొదినా." పిల్ల వైపు చూసి అన్నాడు, "గుంటకి... రోజూ పెడతన్నావా ఇది?"

"రోజూ కాదు. దొరికినప్పుడల్లా. ఏం?"

"మరేం నేదు. బాగా కడుగుతన్నావా అని."

గ్రేసమ్మ నవ్వింది. "ఆరు నీళ్ళు కడుగుతాను. అయినా నువ్వే కదా సెప్పేవు, కాయితం సూసి. నువ్వు సెప్పినాకే మళ్ళీ ముట్టుకున్నాం. అంతకుముందు రెండు నెల్లు నానసలు తేనేదు, తెలుసా?"

తెలుసు. ఆ రెండు నెలలు తెలుసు. ఆ కాగితం చదవకుండా నోరు మూసుకున్నా ఆ రెండు నెలలు రెండేళ్ళయ్యేవి. ఈ పిల్ల కంచంలో ఏ ఆకుకూరో పప్పో ఉండేది.

"సిన్న తాతా," అంటూ రేబెకా గిన్నెలోంచి అన్నిటికన్నా పెద్ద గుల్ల ముక్క తీసి అతని కంచంలో వేసింది. "ఇది నీకు."

దయారత్నం ఆ ముక్క తిన్నాడు. తినకుండా ఉండలేకపోయాడు. ఆ తర్వాత కడుపులో బాగాలేదని చెయ్యి కడుక్కుని లేచాడు. చెప్పడానికి వచ్చినవాడు చెప్పకుండానే తన గదికి పోయి తలుపు వేసుకున్నాడు. పిరికితనానికి కడుపునొప్పి వంక ఎంత బాగా పనికొస్తుందో అని తనని తనే తిట్టుకున్నాడు.

*

ఆదివారం కోత పండుగ.

ఊళ్ళల్లో అయితే ఈ పండక్కి వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, అరటిగెలలు బల్ల ముందు పెడతారు. రేవు పనికని మూడు తరాల కిందట వచ్చిన ఈ మనుషుల్లో పొలం మొహం చూసినవాళ్ళు తక్కువ. అయినా ఆచారం మానలేదు. ఎవరి చేతులు ఏం పండిస్తే అది తెస్తారు. కుట్టుపనామె రెండు గౌన్లు కుట్టి తెస్తుంది. బేకరీలో పనిచేసేవాడు కేకు తెస్తాడు. క్రేను తోలేవాడు ఏం పండిస్తాడు పాపం, బజార్లో గుమ్మడికాయ కొని తెస్తాడు. పాస్టరు గారు ప్రార్థన చేశాక అన్నీ వేలం వేస్తారు. పాట పాడుకున్నవాళ్ళు తినే వస్తువును ఇంటికి తీసుకుపోరు. వంటశాలకి ఇచ్చేస్తారు. మధ్యాహ్నం అందరికీ అదే విందు, సండే స్కూలు పిల్లలకి ముందు వడ్డన.

వేలం పాడించేది దయారత్నం. పదిహేనేళ్ళుగా అతనే. గొంతు పెద్దది, నవ్వించడం తెలుసు. బల్ల మీదికి వచ్చిన ఏ వస్తువునూ కాదనకూడదన్నది అక్కడి కట్టుబాటు. ఒక ఏడాది ఎవరో పగిలిన కుండ తెస్తే దానికీ పాట పాడించాడు.

గౌన్లు అయ్యాయి. కేకు అయింది. గుమ్మడికాయకి అతను ఏదో అంటే జనం నవ్వారు. ఏమన్నాడో అతనికే తెలియలేదు.

గ్రేసమ్మ లేచింది. కొత్త చీర, తల్లో బంతిపువ్వు. రేబెకా బుట్టకి ఒక పక్క పట్టుకుంది. అంచు చుట్టూ బంతిదండ కట్టి, మధ్యలో తడిగుడ్డ మీద ఏరిన పెద్ద గుల్లలు, ఇంకా బతికే ఉన్నాయి. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద బుట్ట పెట్టింది.

"అందరూ పొలం నించి తెస్తారు," అంది సిగ్గుపడుతూ. "నా పొలం ఆ బురదే. దేవుడిచ్చిందిది."

పాస్టరు గారు చేతులు చాచి ఆశీర్వదించారు. వెనక వంటశాలలో డేగిసా కింద మంట పెట్టిన చప్పుడు వినిపిస్తోంది. ముందు వరసలో పద్దెనిమిది మంది పిల్లలు తలలకి నూనె రాసుకుని కూచున్నారు.

"నూరు!" అన్నాడు ఎవరో, పాట మొదలుకాకముందే.

"నూటేబై!"

దయారత్నం బుట్ట వైపు చూశాడు. ఆ తర్వాత బల్ల వైపు చూశాడు. ఈ బల్ల ముందే, సరిగ్గా ఈ చోటనే నిలబడి ఆ కాగితం చదివాడు.

"రెండొందలు! అన్నా, పాడించవేటి?"

"పాట నేదు," అన్నాడు దయారత్నం.

జనం నవ్వారు. వేళాకోళం అనుకున్నారు. గ్రేసమ్మ కూడా నవ్వింది.

"పాట నేదు," అన్నాడు మళ్ళీ. ఆ పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో, ముందు వరస వాళ్ళకే వినబడింది. "ఈ బుట్టకి నాను పాట పెట్టను. ఇది వంటింట్లోకి ఎల్లకూడదు."

నవ్వు ఆగింది. "బల్ల మీదిది కాదనకూడదు, బ్రదర్," అన్నారు పాస్టరు గారు మెల్లగా.

"తప్పే అయ్యగారూ. పెద్ద తప్పు ఇంకోటుంది. అది సెప్పనివ్వండి." అతను బల్ల అంచు పట్టుకున్నాడు. "నాను సదివిన కాయితంలో నాలుగో సంచి మట్టి నాలుగో కాడిది కాదు. గ్రాబు పడక, ఒళ్ళొంగక, మూడో కాడ మట్టే రెండు సంచులు నింపేను. యార్డు కాలవ కాడ మట్టి రెండేళ్ళుగా ఎవులూ పరీక్ష సెయ్యనేదు. నానే సెయ్యనివ్వనేదు. మొన్న ఒకమ్మాయి ఆ మట్టి మీది నాచు పరీక్ష సేసింది. సీసం పద్దెనిమిది రెట్లుంది. నిజవేనా అని నన్నడిగింది. ఆ అమ్మాయి కాడా అబద్దవే ఆడేను. రేపు ఎల్లి ఆమెకీ సెప్తాను. పని పోతే పోనీండి."

 వెనక వరసలోంచి ఒకామె లేచి, "అయితే రేపట్నించి మేమేటి అమ్ముకోవాల?" అంది. ఆమె అడిగింది న్యాయమే.

గ్రేసమ్మ బుట్టని బల్ల మీంచి తియ్యలేదు. మరిది వంక చాలాసేపు చూసింది. కోపం రాలేదు ఆమెకి, ఇంకా అర్థమవుతూనే ఉంది. అర్థమయ్యాక చెయ్యి తనంతట తనే వెళ్ళి రేబెకా తల మీద ఆనింది.

"మరి ఈ రెండేళ్ళూ నా సేత్తో నాను నా గుంటకి పెట్టిందేటి, దయా?"

బుట్టలో ఒక గుల్ల మూత తెరుచుకుని, బంతిదండ దాటి, బల్ల మీది తెల్లగుడ్డ మీదికి దిగింది. మెల్లగా, వెనక నల్లటి తడిగీత వదులుతూ, ముందు వరసలో కూచున్న పిల్లల వైపు పాకుతోంది. చాపెల్లో అందరూ దాన్నే చూస్తున్నారు. ఎవరూ చెయ్యి చాచి తియ్యలేదు.